మలేరి ఎర్రమన్నులో సున్నపు గడ్డలు: పాత వానలూ ఎండలూ వీటి నుంచి ఎంతవరకు చదవచ్చు?

పెన్‌గంగ_ఒడ్డు

ప్రాణహిత–గోదావరి లోయలో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మలేరి ఊరి పేరుతో పిలిచే ఎర్రమన్ను పొరలున్నాయి కదా. చివరి ట్రయాసిక్ కాలానివి, రైంకోసార్లు, ఫైటోసార్లు అనే పాత సరీసృపాల ఎముకలు దొరికినవి. వాటిలోని సున్నపు గడ్డల రసాయనం చూసి అప్పటి వాన, ఎండ, నేల తీరు తేల్చాలని ప్రణాళిక. పుస్తకాల్లో కంకర్ అని రాసే గడ్డలు ఇవి, రోడ్డుకు పోసే కంకర కాదు.

తీసుకోదలచినవి: మూడు మట్టాల నుంచి 14 గడ్డలు (1 నుంచి 4 సెం.మీ.), ఒక్కో మట్టం నుంచి పక్కనున్న ఎర్రమన్ను 200 గ్రాములు, పైనున్న ఇసుకరాతి పట్టీ అడుగున సున్నపు గుళికలతో నిండిన రాయి రెండు ముక్కలు.

కొలతలు ఇంకా మొదలు కాలేదు. కింది సంఖ్యలు పద్ధతి అడగడానికి ఊహించి పెట్టుకున్నవే. గడ్డను మొత్తంగా నూరి కొలిస్తే కార్బన్-13 విలువ −6.5, ఆక్సిజన్-18 విలువ −6.0 పర్ మిల్, అంటే వెయ్యికి ఇన్ని వంతులు (రెండూ వీపీడీబీ అనే సున్నపు ప్రమాణంతో పోల్చి) వచ్చాయనుకుందాం. మన్నులో ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-కిరణాలతో మూలకాలు కొలిచే పద్ధతి) ప్రకారం అల్యూమినా 15.3 శాతం, కాల్షియం ఆక్సైడ్ 8.4, మెగ్నీషియం ఆక్సైడ్ 3.0, సోడియం ఆక్సైడ్ 1.24, పొటాషియం ఆక్సైడ్ 1.88, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 0.14 అనుకుందాం.

కార్బన్ −6.5 అంటే చెట్లూ సీ4 గడ్డీ (వేరే తీరు కిరణజన్య సంయోగంతో కార్బన్-13 ఎక్కువ నిలుపుకునే గడ్డి) కలిసిన సవానా అనుకోవచ్చా? ఆక్సిజన్ విలువను ఉష్ణోగ్రత సూత్రంలో వేస్తే సరిపోతుందా? రాతి శైథిల్య సూచిక సీఐఏ 44 వస్తోంది, కాబట్టి వాన తక్కువ అనేయొచ్చా?

సన్నచీలిక

మూడింటికీ జవాబు కాదనే. కారణాలు మిగతావాళ్ళు చెబుతారు. నేను మాత్రం "మొత్తంగా నూరి" అన్న మాట దగ్గర ఆగుతున్నాను. అలా నూరితే ఒకే పొడిలో కనీసం మూడు వయసుల సున్నం కలుస్తుంది: నేలలో పుట్టిన మైక్రైట్ (సన్నటి రేణువుల కాల్సైట్, అంటే సున్నపు ఖనిజం), తర్వాత పగుళ్ళలో భూగర్భజలం నింపిన స్పార్ (పెద్ద స్ఫటికాల కాల్సైట్), వాగు మోసుకొచ్చిన పాత సున్నపురాతి రేణువులు. ఆ సగటు ఏ కాలానికీ చెందదు.

ప్రతి గడ్డనూ నడిమికి కోయండి. ఒక సగం సన్నచీలికకు (సూక్ష్మదర్శినిలో చూడటానికి పలచగా అరగదీసే రాతి ముక్క), రెండో సగం డ్రిల్లుకు. రెండు ముఖాలూ ఒకదానికొకటి అద్దంలా ఉండాలి. అప్పుడే సూక్ష్మదర్శినిలో చూసిన చోటే డ్రిల్లు పెట్టగలం. చీలిక మీద గాజుపలక అతికించకుండా ఇమ్మని చెప్పండి, లేకపోతే రంగు పరీక్ష కుదరదు.

రంగు పరీక్షకు రెండు ద్రావణాలు. 1.5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ.లో అలిజరిన్ రెడ్ ఎస్ 0.2 గ్రాములు ఒకటి. అదే ఆమ్లం 100 మి.లీ.లో పొటాషియం ఫెర్రీసయనైడ్ 2 గ్రాములు రెండోది. మొదటిది 3 పాళ్ళు, రెండోది 2 పాళ్ళు కలపాలి. ఫెర్రీసయనైడ్ ద్రావణం ఏ రోజుకారోజు చేసుకోవాలి, నిలవుంటే రంగు మోసం చేస్తుంది. గాఢ ఆమ్లంతో గానీ వేడి ఆమ్లంతో గానీ దాన్ని కలపకూడదు, విషవాయువు వస్తుంది. చీలికను ముందు ఒట్టి 1.5 శాతం ఆమ్లంలో 10–15 సెకన్లు ముంచి, తర్వాత మిశ్రమంలో 30–45 సెకన్లు ఉంచి, నీళ్ళలో మెల్లగా జాడించి ఆరబెట్టండి. వేలు తగిలితే రంగు లేచిపోతుంది.

ఇనుము లేని కాల్సైట్ గులాబీ ఎరుపు అవుతుంది. ఇనుమున్న కాల్సైట్ ఊదా, నీలి వైపు పోతుంది. డోలమైట్‌కు రంగు అంటదు, ఇనుమున్న డోలమైట్ మాత్రం నీలిపచ్చగా మారుతుంది. గాలి ఆడే నేలలో ఇనుము కరిగిన రూపంలో ఉండదు కాబట్టి అక్కడ పుట్టిన మైక్రైట్ గులాబీగా రావాలి. ఊదా రంగు సిరలు కనబడితే ఆక్సిజన్ అందని నీరు తర్వాత దూరిందని గుర్తు. ఆ భాగాన్ని డ్రిల్లు తాకకూడదు.

నేలలో పుట్టిన గడ్డకు ఇంకొన్ని గుర్తులు: ఇసుకరేణువులు ఒకదానికొకటి తగలకుండా మైక్రైట్‌లో తేలుతున్నట్టు ఉండటం, రేణువు చుట్టూ వలయంలా పగులు, వేరు పోయిన గొట్టం చుట్టూ సున్నం పేరుకోవడం. ఇవేవీ లేకుండా ఇసుక సందుల నిండా పెద్ద స్ఫటికాలే ఉంటే అది భూగర్భజలపు సున్నం. అందులో నేల గాలి ముద్ర ఉండదు.

కాథోడో ల్యూమినెసెన్స్ (ఎలక్ట్రాన్లు తగిలించి ఖనిజం వెలుగు చూసే పరికరం) దొరికితే వదలొద్దు. మాంగనీస్ ఉన్న కాల్సైట్ నారింజ రంగులో వెలుగుతుంది, ఇనుము ఆ వెలుగును చంపుతుంది. మైక్రైట్ అంతా ఒకే తీరుగా మసకగా ఉండి, సిరలు మాత్రం చారలు చారలుగా వెలిగితే పని సులువు. మైక్రైట్ కూడా మచ్చలు మచ్చలుగా వెలుగుతుంటే అది మళ్ళీ స్ఫటికమై ఉండొచ్చు. ఆ గడ్డ పక్కన పెట్టేయండి.

పొలంగట్టు

ఇసుకరాతి అడుగున ఉన్న గుళికల రాయి గురించి మొదట చెప్పాలి. మలేరి పొరల్లో సున్నపు గుళికల రాళ్ళు పేరున్నవే. వాగు పక్కనున్న నేలను కోసి, అందులోని గడ్డలను ఏరుకుని, దొర్లించి, కాలువ అడుగున కుప్పపోస్తే ఏర్పడినవి. వాటి రసాయనం కొట్టుకుపోయిన నేలది, ఏ మట్టానిదో చెప్పలేం. వాతావరణ లెక్కకు వాడొద్దు. నేల రూపురేఖలకు మాత్రం అవి గట్టి సాక్ష్యం: గడ్డలు గట్టిపడేంత కాలం ఆ మైదానం కదలకుండా ఉంది, తర్వాత వాగు దారి మార్చి దాన్ని కోసింది.

ఎర్రమన్నులోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఈ పొరల్లో బంకమన్ను ఇసుక రేణువంత ఉండలుగా వాగులో దొర్లుకుంటూ వచ్చిన చోట్లున్నాయి. పూడాక ఉండలు నలిగి ఒకటైపోతాయి, కంటికి ఒట్టి మన్నులాగే కనబడుతుంది. ఆ మన్ను అక్కడ పండినది కాదు, ఎగువన ఎక్కడో పండి వచ్చినది. కాబట్టి వేరు జాడలు, జారుడు తలాలు, కిందికి పోయేకొద్దీ మెల్లగా మారే రంగు ఈ మూడూ ఉన్న మట్టాలే ఎంచుకోండి. నల్లరేగడిలో గుంత తీస్తే గోడల మీద అద్దంలా మెరిసే ఏటవాలు తలాలు కనిపిస్తాయి చూడండి, అవే ఎర్రమన్నులోనూ వెతకాలి.

రెండో సంగతి, ఆ ప్రాంతంలో ఇవాళ కూడా నేలలో సున్నం పుడుతోంది. బయటపడ్డ మన్నుకట్ట పగుళ్ళలో ఈ కాలపు తెల్లసున్నం దిగుతుంది. గట్టు ముఖం నుంచి కనీసం 50 సెం.మీ., వీలైతే మీటరు లోపలికి తవ్వి తీయండి. అనుమానం ఉంటే ఒక గడ్డ పైపొర నుంచి రేడియోకార్బన్ చూడండి. 22 కోట్ల ఏళ్ళ సున్నంలో కార్బన్-14 అసలు ఉండకూడదు. కొలవగలిగినంత కనిపించిందంటే కొత్త సున్నం కలిసినట్టే.

మూడోది, లోయ అంచున పెన్‌గంగ సున్నపురాళ్ళున్నాయి, ట్రయాసిక్ కంటే ఎన్నో రెట్లు పాతవి. వాటి నలుసులు మలేరి మన్నులోకి వచ్చే అవకాశం పక్కనే ఉంది. నూరిన మన్నులోంచి సున్నపు ఐసోటోపులు తీయొద్దు అనేది అందుకే. గడ్డ లోపల కోణాలు తేలిన పాత సున్నపురాతి రేణువు కనబడితే ఆ చుట్టుపక్కల డ్రిల్లు వద్దు.

నాలుగోది లోతు. పాత నేల పైతలం ఎక్కడో గుర్తించి, అక్కడి నుంచి గడ్డ ఎంత కిందుందో సెం.మీ.లలో రాయండి. 30 సెం.మీ. కంటే పైనుంటే బయటి గాలి ఎక్కువగా కలుస్తుంది, కార్బన్ విలువ పాడవుతుంది. 40 దాటినవే తీసుకోండి. పైతలం వాగు కోసేసి ఉంటే ఆ సంగతీ రాయాలి.

నలభైఏడు

ఇక కార్బన్. ట్రయాసిక్‌లో గడ్డే లేదు, సీ4 మాట ఎక్కడిది? మధ్య భారతంలోని లామెటా పొరల్లో డైనోసార్ పేడ శిలాజాల్లో గడ్డి తాలూకు సిలికా కణాలు దొరికిన మాట నిజం. కానీ అది క్రెటేషియస్ చివర, అంటే మలేరికి దాదాపు 15 కోట్ల ఏళ్ళ తర్వాత. గడ్డి ఉన్నంత మాత్రాన సీ4 ఉన్నట్టూ కాదు. సీ4 గడ్డి మైదానాలు పరుచుకున్నది సుమారు 80–70 లక్షల ఏళ్ళ కిందట. పాకిస్తాన్ పోట్వార్ పీఠభూమి శివాలిక్ పొరల్లో నేల సున్నపు కార్బన్ విలువ −10 చుట్టుపక్కల నుంచి 0 వైపు ఎగబాకడం 1989లో అచ్చయింది. ఆ గీత అందరి కళ్ళలో నిలిచిపోయి, −6.5 చూడగానే సగం గడ్డి సగం చెట్లు అనిపిస్తుంది. ఆ చదువు మయోసీన్ నుంచి ఇటువైపే చెల్లుతుంది.

అసలు లెక్క ఇది. నేల సున్నం, వేర్లు వదిలిన కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 14–17 పర్ మిల్ భారంగా ఉంటుంది. అందులో 4.4 నేల సందుల్లోంచి వాయువు బయటికి పాకడం వల్ల, మిగతాది వాయువు నుంచి కాల్సైట్‌గా మారేటప్పుడు ఉష్ణోగ్రతను బట్టి. సీ3 మొక్కలు (చెట్లలాంటి మామూలు తీరువి) −26 దగ్గర ఉంటే సున్నం −12 నుంచి −9 మధ్య రావాలి. −6.5 వచ్చిందంటే బయటి గాలి వాటా ఎక్కువన్నమాట. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై ఉండాలి, లేదా నేలలో వేర్ల ఊపిరి తక్కువై ఉండాలి. నీటి ఎద్దడి ఉన్న మొక్కలు తామే కొంత భారంగా ఉండటం కూడా తోడవుతుంది. మూడింటిలో కారణం ఏదో ఈ ఒక్క సంఖ్య చెప్పదు.

ఆక్సిజన్‌కు వద్దాం. సున్నపు ఆక్సిజన్ విలువలో రెండు తెలియనివి ఉన్నాయి: ఉష్ణోగ్రత ఒకటి, నీటి ఐసోటోపు రెండోది. మీ −6.0నే తీసుకోండి. 25 డిగ్రీల దగ్గర పుట్టిందంటే నేలనీరు −3.6 (సముద్రపు నీటితో పోల్చే వీస్మో కొలమానంలో). 35 డిగ్రీలంటే నీరు సుమారు −1.7. రెండూ నమ్మదగ్గ నీళ్ళే. వానను కొలవకుండా ఎండను తేల్చలేం.

ఆ ముడి విప్పేది డెల్టా-47. కాల్సైట్‌లో కార్బన్-13, ఆక్సిజన్-18 రెండూ ఒకే కార్బనేట్ సమూహంలో జతగా ఎంత తరచుగా ఉన్నాయన్నది నీటితో పని లేకుండా ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. చల్లగా ఉంటే జతలు ఎక్కువ, వేడైతే తక్కువ. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న సమీకరణం ప్రకారం 15 డిగ్రీలకు 0.625, 25కు 0.594, 35కు 0.566. అంటే పది డిగ్రీలకు 0.030 చుట్టుపక్కలే తేడా. ఒక్కసారి కొలిస్తే చెదురు 0.030 వరకు ఉండొచ్చు, అంటే పది డిగ్రీలు. అదే పొడిని తొమ్మిదిసార్లు కొలిస్తే సగటు దోషం 0.010కి, అంటే మూడున్నర డిగ్రీలకు దిగుతుంది. మూడుసార్లు కొలిచి డిగ్రీ దశాంశంలో ఉష్ణోగ్రత ఇచ్చే పట్టికలను నమ్మకండి.

ప్రయోగశాలతో మాట్లాడేటప్పుడు అడగాల్సినవి: ఆమ్లం 90 డిగ్రీల దగ్గరా, 70 దగ్గరా? ఈటీహెచ్ ప్రమాణ కార్బనేట్లు (విలువ ముందే తెలిసిన పోలిక పొడులు) ప్రతి వరసలోనూ పెడుతున్నారా? ఫలితం ప్రయోగశాలలన్నీ పోల్చుకోగల ఐ-సీడీఈఎస్ కొలమానంలో ఇస్తున్నారా? ద్రవ్యరాశి 48 కూడా చూపిస్తున్నారా? ఎర్రమన్ను గడ్డల్లో సేంద్రియ పదార్థం, గంధకం కొంచెం ఉన్నా అది ద్రవ్యరాశి 47 మీద దొంగ సంకేతం పెడుతుంది. 48 విలువ పక్కకు జరిగితే ఆ కొలత తీసేయాలి.

ఇంకోటి, పూడిక. రాయి 100 డిగ్రీలు దాటి కోట్ల ఏళ్ళు ఉంటే, నీటి చుక్క తగలకపోయినా ఘనస్థితిలోనే జతలు విడిపోతాయి. కార్బన్, ఆక్సిజన్ మామూలు విలువలు చెక్కుచెదరవు, డెల్టా-47 మాత్రం మారిపోతుంది. కాబట్టి పక్కనే పగులు నింపిన స్పార్‌ను కూడా కొలవండి. స్పార్ 60 చూపించి మైక్రైట్ 32 చూపిస్తే మైక్రైట్ తన జ్ఞాపకం నిలుపుకున్నదనే నమ్మకం. రెండూ 60 దగ్గర కలిసిపోతే ఆ సంఖ్య నేల ఉష్ణోగ్రత కాదు.

పెన్‌గంగ_ఒడ్డు

నలభైఏడు గారూ, అయితే ఆ కార్బన్ విలువతో అప్పటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతో లెక్కించవచ్చు కదా? గోండ్వానా, లామెటా నేలల మీద చేశారు. 25 డిగ్రీలు అనుకుంటే ఎంత వస్తుంది?

నలభైఏడు

వస్తుంది, ఎంత మెత్తటి సంఖ్యో కూడా చూడండి.

సున్నం −6.5, 25 డిగ్రీలు అంటే నేల గాలిలోని కార్బన్ డయాక్సైడ్ −15.3. మొక్కల పదార్థం −25, బయటి గాలి −6.5 అనుకుందాం. సూత్రం ఒక భిన్నం. దాని పైభాగం: −15.3లోంచి −25 ఇంటూ 1.0044 తీసేసి, ఇంకో 4.4 తీయాలి, 5.4 మిగులుతుంది. కిందిభాగం: −6.5లోంచి −15.3 తీస్తే 8.8. నిష్పత్తి 0.61. దీన్ని నేలలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ గాఢతతో హెచ్చించాలి. పొడినేల అని 2500 పీపీఎం వేస్తే గాలిలో సుమారు 1500 పీపీఎం. పాత పద్ధతిలో 5000 వేస్తే 3000 పైమాటే. ఒకే గడ్డ, ఒకే కొలత, జవాబు రెట్టింపు.

మొక్కల విలువను −25 బదులు −26 చేస్తే 1500 కాస్తా 1800 అవుతుంది. కాబట్టి ఆ మొక్కల విలువను ఊహించొద్దు. అదే గడ్డలో చిక్కుకున్న సేంద్రియ పదార్థం నుంచే కొలవాలి. గడ్డ పొడిని ఆమ్లంలో పూర్తిగా కరిగించి, మిగిలిన మడ్డిని కడిగి ఆరబెట్టి పంపండి. ఎర్రమన్నులో సేంద్రియ కార్బన్ బాగా తక్కువ కాబట్టి 2–3 గ్రాముల పొడి కావాల్సి రావచ్చు. గుళికల రాయిలాంటి చోట దొరికిన బొగ్గు ముక్క వేరే నేలది, దాన్ని జత చేయొద్దు.

నల్లరేగడి

ఇప్పుడు సీఐఏ 44. ఈ సంఖ్య ఎలా వచ్చిందో చూస్తే తప్పెక్కడుందో తెలుస్తుంది.

సీఐఏ అంటే అల్యూమినాను, అల్యూమినా ప్లస్ కాల్షియం, సోడియం, పొటాషియం ఆక్సైడ్ల మొత్తంతో భాగించి వందతో హెచ్చించడం. అన్నీ మోలుల్లో. శాతాలను అణుభారంతో భాగిస్తే అల్యూమినా 0.150, కాల్షియం 0.150, సోడియం 0.020, పొటాషియం 0.020. నేరుగా వేస్తే 0.150ని 0.340తో భాగించాలి, 44. తాజా గ్రానైట్‌కే 45–55 వస్తుంది! బంకమన్ను గ్రానైట్ కన్నా తక్కువ శిథిలమైందని ఈ లెక్క చెబుతోంది. అది కుదరని మాట.

సూత్రంలో ఉన్న కాల్షియం సిలికేట్ ఖనిజాలలోది మాత్రమే. మన్నులో సున్నం ఉంది కదా. నియమం ఇలా: ముందు అపటైట్ (ఫాస్ఫేట్ ఖనిజం) లోని కాల్షియం తీసేయాలి, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ మోలుల్ని 10తో హెచ్చించి 3తో భాగించి. ఇక్కడ 0.003. మిగిలింది 0.147. అది సోడియం మోలుల కన్నా ఎక్కువ కాబట్టి సోడియం విలువనే కాల్షియంగా వేసుకోవాలి, 0.020. ఇప్పుడు 0.150ని 0.210తో భాగిస్తే 71. మామూలు షేల్ 70–75 మధ్య ఉంటుంది. తీరుగా శిథిలమైన మన్నే అన్నమాట.

వానకు వద్దాం. పొటాషియం వదిలేసిన సీఐఏ-కే నుంచి ఏడాది వాన తీసే సమీకరణం ఒకటుంది: 221.12ను, 0.0197 ఇంటూ సీఐఏ-కే ఘాతంగా వేసిన ఇ-తో (2.718) హెచ్చించడం. దోషం 182 మి.మీ. అటూ ఇటూ. సున్నం దిద్దిన విలువ 79 వేస్తే 1047 మి.మీ. దిద్దకుండా 47 వేస్తే 557 మి.మీ. అదే మన్నుకు నల్లరేగడి తరహా నేలల కోసం కట్టిన కాల్‌మ్యాగ్ వాడితే (అల్యూమినా, కాల్షియం, మెగ్నీషియం మోలులే, సూచిక 40 వస్తుంది) 22.69 ఇంటూ 40.06, అందులోంచి 435.8 తీస్తే 473 మి.మీ. దోషం 108.

మూడు జవాబులు, రెండు వేర్వేరు ప్రపంచాలు: 1047 అంటే కోస్తా జిల్లాల వాన, 473 అంటే అనంతపురం కన్నా తక్కువ. ఏది సరైందో రసాయనం చెప్పదు, నేల రకం చెబుతుంది. జారుడు తలాలు, లోతైన పగుళ్ళు ఉంటే కాల్‌మ్యాగ్. లేకుండా బంకమన్ను కిందికి దిగి పేరుకున్న పొర ఉంటే సీఐఏ-కే, అది కూడా ఆ పొర మీదే. సున్నపు గడ్డలు దట్టంగా ఉన్న పొర మీద సీఐఏ-కే సమీకరణం వాడనే కూడదు.

దీన్ని సరిచూడటానికి గడ్డల లోతు ఉంది. నేల పైనుంచి సున్నపు పొర మొదలయ్యే లోతు సెం.మీ.లలో తీసుకుని, 6.45తో హెచ్చించి, లోతు వర్గాన్ని 0.013తో హెచ్చించి తీసేసి, 137 కలపండి. 50 సెం.మీ. అయితే 427 మి.మీ. దోషం 147. పూడికలో మన్ను అణిగిపోతుంది కాబట్టి ఇవాళ కొలిచిన 50, అప్పుడు 60–70 అయి ఉండొచ్చు. పొలంగట్టు గారు చెప్పిన పైతలం కోత సంగతీ ఇక్కడే తగులుతుంది. పైన 20 సెం.మీ. వాగు తినేస్తే వాన తక్కువగా వస్తుంది.

ఎర్రచెలక_7

ఇంత లెక్కెందుకు, మన్ను ఎర్రగా ఉందంటేనే వేడి, పొడి వాతావరణం అని కదా?

బంకమన్ను

ఎరుపుకు హెమటైట్ (ఎర్రటి ఇనుప ఆక్సైడ్) 1 శాతం ఉన్నా చాలు. అది నేలలోనే పుట్టిందో, గోయెథైట్‌గా (నీరు కలిసిన పసుపు ఇనుప ఖనిజం) పుట్టి పూడాక నీరు కోల్పోయి హెమటైట్ అయిందో రంగు చెప్పదు. ఇవాళ్టి నేలల్లో గోయెథైట్, హెమటైట్ నిష్పత్తితో తడి, పొడి చదవచ్చు (పరావర్తన వర్ణపటం మొదటి అవకలనంలో గోయెథైట్ 435, 535 నానోమీటర్ల దగ్గర, హెమటైట్ 565 దగ్గర శిఖరాలిస్తాయి). 22 కోట్ల ఏళ్ళ మన్నులో ఆ నిష్పత్తిని నేరుగా నమ్మలేం. దానికన్నా వేరు జాడల చుట్టూ పచ్చబూడిద రంగు వలయాలను గమనించండి. ఎరుపు నేలలో ముందే ఉండి, వేరు కుళ్ళినప్పుడు చుట్టూ ఇనుము కరిగిపోయిన చోట్లు అవి.

బంకఖనిజాల ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో ఖనిజాలు గుర్తించే పరీక్ష) ఎలా చేయాలో కూడా రాస్తున్నాను. చాలామంది తప్పు చేసేది ఆమ్లం దగ్గర. సున్నం తీయడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే క్లోరైట్, స్మెక్టైట్ అనే బంకఖనిజాలు కూడా దెబ్బతింటాయి. సోడియం అసిటేట్, అసిటిక్ ఆమ్లం కలిపి పీహెచ్ 5కు తెచ్చిన ద్రావణం వాడండి. 20 గ్రాముల మన్నుకు పొంగు ఆగేవరకు, రాత్రంతా పట్టొచ్చు. తర్వాత శుద్ధజలంతో కడుగుతూ పోతే ఒక దశలో మన్ను పేరుకోవడం మానేసి నీళ్ళలో తేలుతుంది. అప్పుడు సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కొద్దిగా వేసి కలిపి వదిలేయండి.

2 మైక్రాన్ల లోపు భాగం తీయడానికి పైనుంచి 5 సెం.మీ. నీటిని తీసే వేళ, నీరు 20 డిగ్రీలైతే 3 గంటల 52 నిమిషాలు. ఈ సంఖ్య పుస్తకాల్లోంచి అలాగే ఎత్తుకుని మే నెలలో వాడితే లెక్క తప్పుతుంది. 30 డిగ్రీల నీరు పలచన, 3 గంటల 5 నిమిషాలకే తీయాలి. ఆలస్యం చేస్తే 2 మైక్రాన్లకు దగ్గరి రేణువులు పోయి మరీ సన్నవే మిగులుతాయి, స్మెక్టైట్ వాటా ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది.

గాజుపలక మీద ఆరబెట్టి మూడుసార్లు నడపాలి: గాలికి ఆరినది, ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరిలో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచినది, 550 డిగ్రీల దగ్గర గంట కాల్చినది. 14–15 ఆంగ్‌స్ట్రామ్‌ల శిఖరం గ్లైకాల్‌తో 17కు ఉబ్బితే స్మెక్టైట్. ఉబ్బకుండా, కాల్చాకా 14 దగ్గరే నిలిస్తే క్లోరైట్. 7 ఆంగ్‌స్ట్రామ్‌ల శిఖరం కాల్చాక మాయమైతే కేయోలినైట్. స్మెక్టైట్ ఎక్కువగా ఉంటే వానాకాలం, ఎండాకాలం విడివిడిగా ఉండే చోట నీరు సరిగా పారని నేల. కేయోలినైట్ ఎక్కువైతే వాన ధారాళంగా పడి లవణాలు కొట్టుకుపోయిన నేల. ఇల్లైట్ మాత్రమే ఉంటే సంతోషించకండి, స్మెక్టైట్ పూడిక వేడికి ఇల్లైట్‌గా మారుతుంది. ఆ మార్పుతో పొటాషియం కూడా చేరుతుంది, సీఐఏ తగ్గుతుంది. నల్లరేగడి గారు పొటాషియం వదిలేసిన సూచిక ఎంచుకోవడానికి అదీ ఒక కారణమే.

ఇల్లైట్–స్మెక్టైట్ మిశ్రమం ఏ దశలో ఉందో చూస్తే పూడిక ఎంత వేడెక్కిందో అంచనా వస్తుంది. నలభైఏడు గారి 100 డిగ్రీల అనుమానానికి ఇదే చవకైన జవాబు. స్మెక్టైట్ ఇంకా బాగా ఉబ్బుతూ ఉంటే రాయి అంత వేడి చూడలేదన్నట్టు.

నలభైఏడు

బంకమన్ను గారి ఎక్స్‌ఆర్‌డీ ముందు, డెల్టా-47 తర్వాత. డబ్బు మిగులుతుంది.

ఉష్ణోగ్రత గురించి ఇంకొక్క మాట. వచ్చేది ఏడాది సగటు కాదు. నేలలో సున్నం వాన పడుతుండగా పుట్టదు, నేల ఆరేటప్పుడు పుడుతుంది. నీరు తగ్గి, నేల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పలచబడి, కాల్సైట్ కరిగి ఉండలేని వారాల్లోనే గడ్డ పెరుగుతుంది. చాలా చోట్ల అవి వేడి వారాలే. నీడలేని నేల గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది కూడా. 32 వస్తే "నేల ఆరే కాలంలో, గడ్డ ఉన్న లోతులో 32" అని రాయండి.

పెన్‌గంగ_ఒడ్డు

చాలా స్పష్టమైందండీ. గుళికల రాయి రెండు ముక్కలూ వాతావరణ లెక్కలోంచి తీసేస్తున్నాను. 14 గడ్డలనూ కోసి, రంగు పరీక్ష, కాథోడో ల్యూమినెసెన్స్ దాటినవాటినే ముందుకు తీసుకెళ్తాను. డ్రిల్లు ఎంత వేగంతో, ఎంత పొడి?

సన్నచీలిక

దంతవైద్యులు వాడే అరమిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు గుండ్రటి మొన చాలు. వేగం తగ్గించి, తాకించి తీయడం, తాకించి తీయడం. ఒకే చోట నొక్కిపెడితే వేడెక్కుతుంది, ఆ వేడి డెల్టా-47కు మంచిది కాదు. గడ్డకు గడ్డకు మధ్య మొనను పలచటి ఆమ్లంలో, తర్వాత నీళ్ళలో, చివర ఆల్కహాల్‌లో కడగండి.

మామూలు కార్బన్, ఆక్సిజన్‌కు 200–300 మైక్రోగ్రాములు చాలు. ఒక్కో గడ్డలో మూడు చోట్ల తీయండి. మూడూ అర పర్ మిల్ లోపల కలిస్తే ఆ గడ్డ డెల్టా-47కు పనికొస్తుంది. ఒక చోట ఆక్సిజన్ మాత్రమే రెండు మూడు పర్ మిల్ తేలికై, కార్బన్ కదలకుండా ఉంటే, వేడి నీరు దూరిన చోట డ్రిల్లు పడిందని అర్థం. డెల్టా-47కు తొమ్మిదిసార్లు, ఒక్కోసారి 8 మి.గ్రా. చొప్పున పాత తరహా యంత్రంలో 70 మి.గ్రా. పైనే కావాలి. చిన్న నమూనాల యంత్రమైతే ఒక్కోసారి 100 మైక్రోగ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది.

పొడిలో కొంచెం తీసి ఎక్స్‌ఆర్‌డీలో డోలమైట్ ఉందేమో చూడటం మరవకండి. కాల్సైట్ 3.03 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, డోలమైట్ 2.89 దగ్గర. డోలమైట్ ఆమ్లంలో నిదానంగా కరుగుతుంది, దాని దిద్దుబాటు వేరు.

పొలంగట్టు

గడ్డ తీసేటప్పుడే పై వైపు బాణం గుర్తు పెట్టండి, సంచి మీద కాదు, గడ్డ మీదే. నేల సున్నం కొన్ని గడ్డల్లో కిందివైపు ఎక్కువ పేరుకుంటుంది, ఆ గుర్తు పోతే తర్వాత తెలుసుకునే దారి లేదు. మూడు మట్టాల మధ్య దూరం టేపుతో కొలిచి రాయండి, ఫోను జీపీఎస్ ఎత్తు లెక్కకు పనికిరాదు. ఒక్కో మట్టం నుంచి రెండు గడ్డలు కోయకుండా విడిగా దాచండి.